తిండి మారిస్తే డిప్రెషన్ తగ్గుతుందా? ఐదో ప్రశ్న దగ్గర మొదలుపెడదాం

నీ ప్రశ్న రెండుసార్లు చదివా తమ్ముడూ. సెకండియర్, హాస్టల్ రూము, రెండు నెలలుగా దేని మీదా మనసు నిలవట్లేదు, పొద్దున లేవబుద్ధి కావట్లేదు, క్లాసులు పోతున్నాయ్, కాఫీ మీదా కప్పు నూడుల్స్ మీదా చిప్స్ మీదా రోజులు గడిచిపోతున్నాయ్, రూమ్మేటేమో "ముందు ఆ చెత్త తినడం మానెయ్ రా, అన్నీ అవే సెట్టవుతాయ్" అంటున్నాడు, అది నిజమేనా, నిజమైతే ఏం తినాలి, ఏమన్నా విటమిన్ టాబ్లెట్లు వాడాలా అని అడిగావు. నేను ఒక యూనివర్సిటీ హెల్త్ సెంటర్లో డైటీషియన్‌గా చాలా ఏళ్ళు పనిచేశా. కౌన్సెలర్ గది నా గదికి పక్కనే, నా దగ్గరికొచ్చినవాళ్ళని అటు, అక్కడికెళ్ళినవాళ్ళని ఇటు పంపుకుంటూ ఉండేవాళ్ళం, కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. నువ్వు అని రాస్తున్నా, ఏమనుకోకు, పిల్లలందర్నీ అలాగే పిలవడం అలవాటైపోయింది. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక లేకపోతే సగం ఇప్పుడు సగం రేపు చదువుకో.

తిండికీ మూడ్‌కీ సంబంధం ఉందా అంటే ఉంది, ఉత్తుత్తి మాట కాదు. కానీ మీ రూమ్మేట్ చెప్పినంత తిన్నగా లేదు. అసలు నీ మెసేజ్‌లో నాకు నూడుల్స్ కన్నా ముందు కంట్లో పడింది "రెండు నెలలు" అన్న ముక్క. దాని దగ్గరికి మళ్ళీ వస్తా.

డిప్రెషన్ ఏ మేరకు ఉందో చూడ్డానికి డాక్టర్లు, కౌన్సెలర్లు ఎక్కువగా వాడే కాగితం ఒకటుంది, పీహెచ్‌క్యూ-9 అంటారు, 2001 నుంచి వాడుకలో ఉంది. 9 ప్రశ్నలు, గత రెండు వారాల్లో ఇది నిన్ను ఎన్ని రోజులు ఇబ్బంది పెట్టింది అని అడుగుతుంది, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా, మొత్తం 27. పది, ఆ పైన వస్తే కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాల్సిన కేసు అని లెక్క. అందులో ఐదో ప్రశ్న ఏంటో తెలుసా? ఆకలి లేకపోవడం, లేదా అతిగా తినడం. అంటే తిండి పాడైతే డిప్రెషన్ వస్తుందా అని మనం ఇక్కడ వాదించుకుంటున్నాం గానీ, ఆ కాగితం రాసినవాళ్ళు తిండి పాడవడాన్ని లక్షణాల్లోనే కలిపేశారు. మూడో ప్రశ్న నిద్ర, నాలుగోది నీరసం, ఏడోది దేని మీదా ధ్యాస నిలవకపోవడం. తెల్లారి నాలుగింటికి కన్ను మూతపడినవాడు పొద్దుటి తిండి వేళకి ఎలా లేస్తాడు? మంచం దిగడానికే ఓపిక లేనివాడు కూరగాయలు కొని, కడిగి, తరిగి, వండుకుంటాడా? చేతికందేది వేణ్ణీళ్ళు పోస్తే అయిపోయే కప్పే. అందుకే "జంక్ ఎక్కువ తినే స్టూడెంట్స్‌కి డిప్రెషన్ స్కోరు ఎక్కువ" అని ఏదన్నా సర్వే కనపడగానే జంక్ వల్లే వచ్చిందని తీర్మానించెయ్యకు. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టే ఉంటుంది, ఒక్క రోజు తీసిన ఫొటోలో ఏది ముందొచ్చిందో ఎలా తెలుస్తుంది.

ఇది నాకు పుస్తకంలో కన్నా ఒక అమ్మాయి దగ్గర బాగా అర్థమైంది. వారం రోజులు ఏం తిన్నావో రాసుకురామ్మా అని పంపా, నేను అందరికీ ఇచ్చే హోంవర్కే అది. చిన్న నోట్‌బుక్ తెచ్చింది, చక్కటి చేతిరాత, టైముతో సహా. సోమవారం మధ్యాహ్నం 3:10 కాఫీ, బిస్కెట్లు 4. రాత్రి 1:40 నూడుల్స్. మంగళవారం దాదాపు అంతే. బుధవారం ఒక అరటిపండు, పక్కన చిన్న నవ్వు బొమ్మ. గురువారం తేదీ ఒక్కటే ఉంది, కింద పేజీ అంతా తెలుపు. నేను పెన్ను తీసి కెఫీన్ గురించి, ప్రోటీన్ గురించి మొదలుపెట్టబోతూ మామూలుగా "గురువారం రాయడం మర్చిపోయావా" అన్నా. "మర్చిపోలేదు మేడమ్, ఆ రోజు లేవలేదు" అంది. లేవలేదంటే పొద్దున లేటుగా లేవడం కాదు, బుధవారం రాత్రి పడుకున్న పిల్ల శుక్రవారం పొద్దున దాకా నీళ్ళ బాటిల్‌తో మంచం మీదే ఉంది. రాసిన పేజీలన్నిటికన్నా ఆ తెల్ల పేజీ ఎక్కువ చెప్పింది నాకు. ప్రోటీన్ సంగతి పక్కన పెట్టి, లేచి ఆమెతోపాటే పక్క గదికి నడిచా.

సరే, అలాగని తిండి వల్ల ఏం కాదు అంటున్నాననుకోకు. తిండి నుంచి మనసు వైపు వెళ్ళే దారి కూడా గట్టిదే, దానికి బాగా పాత సాక్ష్యమే ఉంది. 1944-45లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో చేరం అని చెప్పి, దాని బదులు ఈ పనికి స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు వాళ్ళు. 24 వారాలు తిండి దాదాపు సగానికి తగ్గించారు. బరువు తగ్గింది, అది ఎలాగూ తగ్గుతుంది. కానీ అంతకుముందు ఉల్లాసంగా ఉన్నవాళ్ళు మూగబోయారు, చిరాకు పడ్డారు, స్నేహాల మీదా చదువు మీదా ఆసక్తి పోయింది, రోజంతా తిండి గురించే ఆలోచన, వంటల పుస్తకాలు ముందేసుకుని చదువుకునేవాళ్ళు. ఇక్కడ ఏది ముందో అనుమానం లేదు చూడు, మనసు బాగున్నవాళ్ళకే తిండి కోసేసరికి మనసు కుంగింది. నువ్వు పొద్దున్నుంచి మూడింటిదాకా కాఫీ మీదే నడుపుతున్నావంటే నీ ఒంటికి ఇది చిన్న కరువే. అది కష్టపడి కాదు, పట్టించుకోక తెచ్చుకున్న కరువు, కానీ ఒంటికి ఆ తేడా తెలీదు.

మంచి తిండి పెడితే డిప్రెషన్ తగ్గుతుందా అన్నది నేరుగా పరీక్షించిన వాటిల్లో బాగా పేరొచ్చింది 2017లో ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా బృందం వేసిన స్మైల్స్ ట్రయల్. 67 మంది పేషెంట్లు, 12 వారాలు. సగం మందికి డైటీషియన్ 7 సార్లు కూర్చుని కూరగాయలు, పళ్ళు, పప్పులు, ముడి ధాన్యాలు, చేపలు, నట్స్, ఆలివ్ నూనె వైపు తిండి మార్పించారు, మిగతా సగానికి అన్నిసార్లే ఒక మనిషి వచ్చి కబుర్లు చెప్పి వెళ్ళారు. చివరికి డైట్ వాళ్ళల్లో 32 శాతం మంది డిప్రెషన్ గీత దాటి బయటపడ్డారు, కబుర్ల వాళ్ళల్లో 8 శాతం. బాగుంది కదా? బాగుంది, కానీ 67 మందే, పైగా తాను ఏ గుంపులో ఉన్నాడో ప్రతివాడికీ తెలుసు, మాత్రలాగా డమ్మీ తిండి పెట్టలేం కదా. బాగవుతానన్న ఆశ కూడా కొంత పని చేసి ఉంటుంది. ఇంకోటి గమనించు, వాళ్ళల్లో చాలామంది మందులో కౌన్సెలింగో మానేసి రాలేదు, వాటికి తోడుగా తిండి మార్చుకున్నారు.

నీకు దగ్గరైంది ఇంకోటి, 2019లో సిడ్నీలోని మెక్వారీ యూనివర్సిటీది. 17 నుంచి 35 ఏళ్ళ మధ్యవాళ్ళు 76 మంది, తిండి బాలేదు, డిప్రెషన్ లక్షణాలు మోస్తరు పైనే. వాళ్ళల్లో సగం మందికి ఒక 13 నిమిషాల వీడియో చూపించి మూడు వారాలు ఇలా తినండి అన్నారు, మధ్యలో రెండుసార్లు చిన్న ఫోన్ కాల్ చేశారు. మూడు వారాలకే వాళ్ళ సగటు స్కోరు మామూలు స్థాయికి దిగింది, ఎప్పట్లా తిన్నవాళ్ళది కదల్లేదు. నిజంగా తిన్నారా లేదా అని ఒట్టి మాటల మీద వదిలెయ్యకుండా ఒక మెషీన్ పెట్టి చర్మం రంగు కొలిచారు, పళ్ళూ కూరగాయలూ బాగా తింటే చర్మానికి కొంచెం పసుపు ఛాయ వస్తుంది, దాన్ని పట్టేస్తుంది అది. నాకు ఈ ట్రయల్ మీద ఇష్టం దాని లెక్కల వల్ల కాదు. మూడు వారాలు, 13 నిమిషాలు, అంత తక్కువ పెట్టుబడి అనే ఇష్టం. ఇంత చిన్న ట్రయల్ చూసి గ్యారంటీ ఇవ్వలేం గానీ, పోయేదేం లేని ప్రయత్నం.

ఇక మెకానిజం పేరుతో ఇంటర్నెట్‌లో తిరిగే కథ ఒకటుంది, "హ్యాపీ హార్మోన్ సెరటోనిన్ 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది, కాబట్టి పొట్ట బాగుంటే సంతోషం" అని. మొదటి సగం నిజం. రెండో సగం దగ్గర చెయ్యి జారింది. పేగుల్లో తయారైన సెరటోనిన్ రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే అడ్డుగోడ దాటి లోపలికి పోలేదు, మెదడు తనకి కావల్సింది తానే చేసుకుంటుంది, దాని ముడిసరుకు ట్రిప్టోఫాన్ మాత్రం తిండి నుంచి రావాలి, అది కూడా వేరే అమైనో ఆమ్లాలతో పోటీపడి దారి చేసుకుని లోపలికి పోవాలి. అందుకని ఫలానా పండు తింటే గంటలో హ్యాపీ అనే పోస్టర్లు నమ్మకు. స్టూడెంట్ల విషయంలో నేను కళ్ళారా చూసినవి ఇంకా నేలబారు కారణాలు: రక్తంలో ఐరన్ తక్కువై నీరసం, బి12 తక్కువై మతిమరుపూ తిమ్మిర్లూ, వేళకి తినక చిరాకు, రాత్రి కాఫీ వల్ల నిద్ర పట్టకపోవడం.

కాఫీ దగ్గర ఒక్క నిమిషం ఆగుతా, ఎందుకంటే నువ్వు రోజుకి అయిదారు అన్నావు. కెఫీన్ తాగిన అయిదు గంటలకి కూడా సుమారు సగం ఒంట్లోనే తిరుగుతూ ఉంటుంది. 2013లో ఒక చిన్న ప్రయోగంలో పడుకోడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు ఇస్తేనే గంటకి పైగా నిద్ర తగ్గింది. 400 అంటే పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి పరవాలేదనే హద్దు, నీ అయిదారు కప్పులు స్ట్రాంగ్‌వైతే దానికి చేరినట్టే. ఆకలి కూడా చంపేస్తుంది. అందుకే నేను కాఫీ మానెయ్ అని ఎవరికీ చెప్పను, తలనొప్పి ఒకటి అదనంగా వస్తుంది, మధ్యాహ్నం రెండు తర్వాతది ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ రా, అంతే.

టాబ్లెట్ల సంగతి. ఇక్కడ జవాబు కాస్త నిరాశగానే ఉంటుంది. యూరప్‌లో నాలుగు దేశాల్లో 1025 మంది మీద మూడ్‌ఫుడ్ అని పెద్ద ట్రయల్ చేశారు, ఒమేగా-3, విటమిన్ డి, ఫోలిక్ యాసిడ్, సెలీనియం కలిపి ఏడాది ఇచ్చారు, 2019లో ఫలితం వచ్చింది, డిప్రెషన్ రాకుండా ఆపడంలో డమ్మీ మాత్రకన్నా మెరుగ్గా ఏం చెయ్యలేదు. విటమిన్ డి ఒక్కటే ఇచ్చి 18 వేల మంది పెద్దవయసు వాళ్ళని ఏళ్ళ తరబడి చూసిన ఇంకో ట్రయల్లోనూ అంతే. కాబట్టి యాడ్ చూసి డబ్బాలు కొనకు. కానీ రక్తపరీక్ష వేరే సంగతి, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), బి12, విటమిన్ డి, థైరాయిడ్, ఇవి డాక్టర్‌ని అడిగి ఒకసారి చేయించుకో. ఏదన్నా తక్కువుంటే అప్పుడు మందు వేసుకోవడానికి అర్థం ఉంది. థైరాయిడ్ మందగిస్తే అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది, దానికి ఏ పళ్ళూ పనిచెయ్యవు. ఇంకోటి, "నేచురల్" అని అమ్మే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక లాంటివి సొంతంగా మొదలుపెట్టకు, డిప్రెషన్ మందులతో కలిస్తే ప్రమాదం, గర్భనిరోధక మాత్రల్లాంటి వాటిని పనిచెయ్యకుండా చేస్తుంది.

మరి ఏం తినాలి? నా పద్ధతి చెప్తా, తోటి డైటీషియన్లలో కొందరికి ఇది నచ్చదు. మొదటి రెండు వారాలు ఏం తింటున్నావో నేను అడగను, ఎప్పుడు తింటున్నావనేదే అడుగుతా. లేచిన గంటలోపు ఏదో ఒకటి, ఆ తర్వాత నాలుగైదు గంటలకి మించి గ్యాప్ లేకుండా. నూడుల్సే అయినా సరే. డిప్రెషన్‌లో ఆకలి అనే బెల్లు సరిగ్గా మోగదు, మోగేదాకా ఆగితే సాయంత్రమవుతుంది, అందుకని ఫోన్లో అలారం పెట్టుకో, మందు వేసుకున్నట్టు తిను. ఆకలి రుచెరుగదంటారు, డిప్రెషన్‌లో రివర్స్, ఆకలీ తెలీదు రుచీ తెలీదు, నోట్లో అట్టముక్క నమిలినట్టుంటుంది. ఇది నీ తప్పు కాదు, కొన్నాళ్ళే ఉంటుంది. నమలడం కష్టంగా ఉంటే తాగు: పాలు, పెరుగు, ఒక పండు కలిపి కొట్టుకున్న గ్లాసు. మంచం దిగకుండా చెయ్యి చాపితే అందేలా ఒక డబ్బా పెట్టుకో, వేరుశెనగలు, బాదం, ఎండుద్రాక్ష, చెడిపోని పండు ఏదన్నా. లేవలేని రోజు కోసం లేవగలిగిన రోజు చేసిపెట్టే పని అది.

రెండు వారాలు వేళ కుదిరాక అప్పుడు తీసెయ్యడం కాదు, కలపడం. అదే నూడుల్స్ కప్పులో మసాలా పొడి సగమే వేసి ఒక గుడ్డు కొట్టు, గుప్పెడు ఫ్రోజెన్ కూరగాయలు వెయ్, రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. రోజుకి 400 గ్రాముల పళ్ళూ కూరగాయలూ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అంటే సుమారు అయిదు గుప్పెళ్ళు, నువ్విప్పుడు సున్నా దగ్గరుంటే ఒకటికి రా, అయిదు గురించి తర్వాత చూద్దాం. డబ్బాలో పప్పులు, శెనగలు, రాజ్మా చవక, ఉడికించి వస్తాయ్, కడిగి తినెయ్యడమే. ఆలివ్ నూనె కొనే స్థోమత లేదని ఆగిపోకు, ఆ ట్రయల్స్‌లో వాళ్ళకి అలవాటైన వంట అది, నీ వంటలో కూరలూ పప్పులూ పెరిగితే చాలు.

ప్యాకెట్ తినకుండా ఆగలేకపోతున్నా, నాకు కంట్రోల్ లేదు అని తిట్టుకున్నావ్ కదా. 2019లో అమెరికాలో 20 మందిని ఒక ఆస్పత్రిలో నెల రోజులు పెట్టి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు తిండి, నీకు నచ్చినంత తిను అని వదిలేస్తే, ప్యాకెట్ రకం పెట్టినప్పుడు రోజుకి 500 క్యాలరీల దాకా ఎక్కువ తిన్నారు. వాళ్ళెవరూ డిప్రెషన్‌లో లేరు, పరీక్షల్లో లేరు. అది అలా తయారైన వస్తువు, నీ వ్యక్తిత్వానికి సర్టిఫికెట్ కాదు.

ఒకవేళ తినకపోవడానికి కారణం డబ్బు అయితే, సిగ్గుపడకుండా ఆ ముక్క స్టూడెంట్ వెల్ఫేర్‌లో చెప్పు. నా దగ్గరికి "ఆకలి లేదు మేడమ్" అని వచ్చి, మూడో విజిట్‌లో అసలు సంగతి చెప్పినవాళ్ళు ఎంతమందో. డబ్బు సమస్యకి డైట్ చార్ట్ ఇవ్వడం అంటే గోరుచుట్టు మీద రోకటిపోటే.

నా పొరపాటు ఒకటి చెప్పాలి, ఎందుకంటే నువ్వు చివర్లో "చక్కెర, పాలు, గ్లూటెన్ (గోధుమల్లో ఉండే ప్రోటీన్) అన్నీ ఒకేసారి మానేద్దామనుకుంటున్నా" అన్నావ్. ఒక కుర్రాడు నీలాగే వచ్చాడు, నెలలో తిండి పూర్తిగా మార్చేశాడు, ప్యాకెట్ వెనకాల లేబుల్ చదవకుండా ఏదీ ముట్టడు, నేను మెచ్చుకున్నా, ఇంకో స్టూడెంట్‌కి వీణ్ణి చూసి నేర్చుకో అని కూడా చెప్పా. రెండో నెల ఫ్రెండ్స్‌తో కలిసి తినడం మానేశాడు, వాళ్ళు తినేది "క్లీన్" కాదని. మూడో నెలకి చెంపలు లోపలికి పోయాయ్, పుట్టినరోజు కేకు ముక్క తిన్నానని రాత్రంతా నిద్రపోలేదట. డిప్రెషన్ తగ్గలేదు, పక్కన ఇంకో జబ్బు కూర్చుంది. తిండి జబ్బులు, అంటే ఈటింగ్ డిజార్డర్లు, మొదలయ్యే వయసే మీది, దిగులుగా ఉన్నవాడికి కంట్రోల్ దొరికేది తిండి ఒక్కటే అనిపిస్తుంది, అది నేను ముందే పట్టుకోవాల్సింది. అందుకే నువ్వు ఏదీ మానెయ్యొద్దు ఇప్పుడు. ముఖ్యంగా, నలుగురితో కలిసి తినే పూట ఏదన్నా ఉంటే అక్కడ ఏం పెట్టినా తిను.

ఇప్పుడు ఆ "రెండు నెలలు". దిగులు గానీ దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ దాదాపు రోజూ ఉంటూ రెండు వారాలు దాటితేనే చూపించుకోమంటాం, నీకు దానికి నాలుగు రెట్లయింది, క్లాసులు కూడా పోతున్నాయ్. కాబట్టి తిండి సరిచేసుకుని చూసి తగ్గకపోతే వెళ్తా అనే ఆలోచన వద్దు, రెండూ ఒకేసారి మొదలుపెట్టు, ఈ వారంలోనే. నువ్వొక్కడివే ఏం కాదు, 2018లో 8 దేశాల్లో ఫస్టియర్ పిల్లలు సుమారు 14 వేల మందిని అడిగితే మూడోవంతు మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. ఇందాకటి పీహెచ్‌క్యూ-9 కాగితంలో తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండు అనో, నన్ను నేను గాయపరుచుకోవాలి అనో ఆలోచనలు వస్తున్నాయా అని. దానికి నీ జవాబు "లేదు" కాకపోతే అపాయింట్‌మెంట్ కోసం ఆగకు, ఈ రాత్రే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్, రూమ్మేట్‌ని లేపు, ఎమర్జెన్సీకి వెళ్ళు. అక్కడ మాత్రం తిండి మాట ఎత్తకు, అది తర్వాత.

మందు రాస్తే భయపడకు. కొన్నిటికి మొదట్లో ఆకలి తగ్గుతుంది, కొన్నిటికి బాగా పెరిగి బరువొస్తుంది, ఏదైనా డాక్టర్‌కి చెప్పు, మార్చే వీలుంటుంది, నీ అంతట నువ్వు ఠక్కున ఆపెయ్యకు.

డాక్టర్ దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో వెళ్ళేటప్పుడు ఒక వారం నోట్స్ తీసుకెళ్ళు, ఫోన్లోనే రాసుకో, చేతిరాత బాగుండక్కర్లేదు. లేచిన టైము, తిన్న టైము, తాగిన కాఫీలు, పడుకున్న టైము, అంతే, క్యాలరీలు వద్దు. రాయలేని రోజు వస్తే తర్వాత గుర్తుచేసుకుని నింపకు, తేదీ వేసి ఖాళీగా వదిలెయ్. అక్కడ కూర్చున్నాక ఆ ఖాళీ రోజే ముందు చూపించు.